తూకంరాయి ఎవరి దగ్గరుంది?

స్త్రీల వంటింటి జ్ఞానం గురించి మనం చాలానే రాసుకున్నాం. అమ్మ చేతి కొలత, జేజి పిడికిలి, కంటి అంచనా, ‘ఉప్పు తగినంత’. వీటి మీద కవితలొచ్చాయి, కథలొచ్చాయి, యూనివర్సిటీల్లో పత్రాలొచ్చాయి. కొలపాత్ర లేకుండా పదిమందికి సరిపోయే ఎసరు పెట్టగల నేర్పును మౌఖిక విజ్ఞానం అన్నాం, దేహంలో దాగిన స్మృతి అన్నాం. అనాలి కూడా. కానీ ఈ పొగడ్త విన్న ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. ఆ గుప్పెడు అంత కచ్చితమైనదైతే, దాంతో ఏరిన పత్తికి కూలి కట్టేటప్పుడు ఆమె అంచనా ఎందుకు చెల్లదు? ‘ఈ మూట ముప్పై కిలోలుంటుంది’ అని ఆమె అంటే చేలో ఎవరైనా రాసుకుంటారా? అక్కడ చెల్లేది వేపకొమ్మకు వేలాడే కాటా మాట. ఆ కాటా ఆమెది కాదు. దాన్ని పరీక్షించమని అడగవచ్చని కూడా ఆమెకెవరూ చెప్పలేదు.

అందుకే ఈసారి ఇంటి కాటా గురించి రాస్తున్నాను. వంటింటి గట్టు మీద పెట్టుకునే చిన్న ఎలక్ట్రానిక్ కాటా సరిగ్గా తూస్తున్నదో లేదో ఎలా చూసుకోవాలన్నదే విషయం. సాహిత్య పత్రికలో ఇదేం గొడవ అనుకునేవాళ్ళు ఉంటారు. విమల ‘వంటిల్లు’ కవితను క్లాసుల్లో పాఠం చెప్పే మనకు, వంటింట్లో వస్తువుకు రాజకీయాలుంటాయని మళ్ళీ నేను చెప్పాలా?

మాది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ళ వల్ల మా ఊరిని రెండో బొంబాయి అంటారు. ఆ అంగళ్ళలో కాటా అద్దాల పెట్టెలో ఉంటుంది. ఫ్యాను గాలికి మిల్లీగ్రాములు కదులుతాయని పెట్టె తలుపు మూసి, అంకె నిలబడేదాకా ఆగి చదువుతారు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఇద్దరూ వంగి చూస్తారు. (తరుగు పేరుతో జరిగే కోత వేరే కథ. 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి చేసిన హాల్‌మార్క్ బంగారం నాణ్యతకే హామీ, తరుగుకు కాదు.) అదే ఊరి నుంచి జమ్మలమడుగు దారి పట్టి నల్లరేగడి చేలల్లోకి దిగితే, పత్తి మూటలు తూచేది తుప్పు పట్టిన స్ప్రింగు కాటా. మూట గాలికి ఊగుతూ ఉంటుంది. ముల్లు రెండు గీతల మధ్య ఆడుతూ ఉంటుంది. ‘కింది గీతకే రాసుకో’ అంటాడు మేస్త్రీ. చీరకొంగుతో కట్టిన మూట గదా, గుడ్డ బరువని కొంత, మంచు తడి అని కొంత, ఆకు కలిసిందని కొంత తీసేస్తారు.

బంగారం ఖరీదైనది, పత్తి చౌక, అందుకే ఈ తేడా అని అర్థశాస్త్రం చెబుతుంది. నాకు ఒప్పుదల కాదు. ఆ అద్దాల పెట్టె ముందు రెండు పక్షాలకూ అంకె చదవడం వచ్చు, నచ్చకపోతే ఇంకో అంగడికి పోవడం వచ్చు. ఒక పక్షానికి మాత్రమే చదివే అధికారం ఉన్నచోట కాటా మొరటుగానే ఉంటుంది. దాన్ని బాగుచేయాల్సిన అవసరం ఎవరికీ రాదు.

మా వీధిలో నాకు వరసకు పిన్నమ్మ అయ్యే ఒకామె కారప్పొడి, నువ్వుల పొడి, చెనిక్కాయల పొడి చేసి పావుకిలో ప్యాకెట్లుగా అంగళ్ళకు వేస్తుంది. భర్త పోయాక పదేళ్ళుగా ఇల్లు ఆ పొడుల మీదే నడుస్తున్నది. పది కిలోల దాకా తూచే ఇంటి కాటా ఒకటి కొనుక్కుంది. సరుకు తీసుకునే అంగళ్ళలో ఒకదానిలో ప్రతిసారీ ఇదే తంతు. ఇరవై ప్యాకెట్లు కాటా మీద పెడతారు, కవర్ల బరువు తీసేస్తారు, అయిదు కిలోలు ఉండాల్సింది నాలుగు కిలోల ఎనిమిది వందలే ఉందంటారు. దాదాపు ఒక ప్యాకెట్టు డబ్బు కోసుకుంటారు. ఆమె ‘మా కాటాలో సరిగ్గా చూసి పోసినా అన్నా’ అంటే, ‘అది పిల్లోళ్ళు ఆడుకునే కాటా మా, దాన్ని నమ్మి యాపారం జేస్తారా?’ అని నవ్వు.

ఆ నవ్వు మనందరికీ తెలిసినదే. ఆడవాళ్ళ డైరీ చరిత్ర కాదన్నప్పుడూ, ఇంటి పని పని కాదన్నప్పుడూ విన్నది ఇదే నవ్వు. ఆమె దగ్గర ఉన్నందువల్లే ఆ కాటా బొమ్మ అయిపోయింది.

సరే, బొమ్మో కాదో చూద్దామని కూర్చున్నాం. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు. కాటా లోపల ఒక అల్యూమినియం కడ్డీ ఉంటుంది. దానికి సన్నని లోహపు తీగల పట్టీలు అంటించి ఉంటాయి. పైన బరువు పడితే కడ్డీ కంటికి కనిపించనంత వంగుతుంది, పట్టీల్లో విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పును యంత్రం గ్రాములుగా మార్చి చూపిస్తుంది. కాబట్టి గట్టు సమంగా ఉండాలి, బ్యాటరీ మంచిదై ఉండాలి, పళ్ళెం కింద కారప్పొడి పేరుకోకూడదు. ఫ్యాను ఆపాలి, ప్రొద్దుటూరి ఎండాకాలంలో అది ఎంత త్యాగమో మావాళ్ళకే తెలుసు.

మొదట ఒకే స్టీలు డబ్బాను పదిసార్లు పెట్టి తీశాం. పదిసార్లూ ఒకే అంకె రావాలి, గ్రాము అటూ ఇటూ ఫరవాలేదు. తర్వాత దాన్నే పళ్ళెం మధ్యలో, నాలుగు మూలల్లో పెట్టాం. మూలకు జరిపితే అంకె మారే కాటాలు చాలా ఉన్నాయి. ఆపైన డబ్బాను విడిగా, చెంబును విడిగా, రెండూ కలిపి తూచాం. విడి అంకెల మొత్తం కలిపిన అంకెతో సరిపోయింది. ఇవన్నీ కాటా మాట మీద నిలబడుతుందో లేదో చెబుతాయి. నిజం చెబుతున్నదో లేదో చెప్పవు. ప్రతిసారీ ఒకే అబద్ధం చెప్పే కాటా కూడా ఈ పరీక్షల్లో పాసవుతుంది. (ఈ మాట రాస్తుంటే కొందరు పెద్దమనుషులు గుర్తొస్తున్నారు.)

నిజానికి ఒక సాక్షి కావాలి. చాలామంది ఉప్పు ప్యాకెట్టు పెట్టి చూస్తారు. అది నమ్మకమైన సాక్షి కాదు. కిలో అని అచ్చేసిన ప్యాకెట్టులో పదిహేను గ్రాముల దాకా తేడాను నిబంధనలే అనుమతిస్తాయి. లీటరు నీళ్ళు కిలో అన్నది చిన్నప్పటి పాఠమే అయినా, వంటింటి లీటరు చెంబు నిజంగా లీటరేనా అన్నది మొదటి ప్రశ్న. ముప్పై డిగ్రీల వేడిలో లీటరు నీళ్ళు 996 గ్రాములే తూగుతాయన్నది రెండోది. మాకు దొరికిన మంచి సాక్షి పది రూపాయల బిళ్ళ. మా వైపు అంగళ్ళలో పది రూపాయల బిళ్ళ తీసుకోరు. రిజర్వు బ్యాంకు 2018లో చెల్లుతుందని మళ్ళీ ప్రకటించినా ‘పోదు మా’ అని వెనక్కిస్తారు. అందుకే ప్రతి ఇంట్లో డబ్బా నిండా పేరుకుపోయి ఉంటాయి. 2011 నుంచి వచ్చిన బిళ్ళ బరువు 7.71 గ్రాములు, 2019 తర్వాతిది 7.74. పదమూడు బిళ్ళలు పేరిస్తే నూరు గ్రాములు, ఒక గ్రాము లోపు తేడాతో. అయిదు రూపాయల బిళ్ళలు దీనికి పనికిరావు. తొమ్మిది గ్రాములది, ఆరు గ్రాములది, 6.74ది అన్నీ కలిసి తిరుగుతుంటాయి.

పిన్నమ్మ కాటా మీద పదమూడు బిళ్ళలు పెడితే 100 చూపింది. అరవై అయిదు పెడితే లెక్క ప్రకారం 501 రావాలి, 500 చూపింది. తర్వాత మార్కెట్లో తెలిసిన ఎర్రగడ్డల వ్యాపారి దగ్గర తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న అయిదు కిలోల ఇనుపరాయి ఒక పూటకు అడిగి తెచ్చాం. 4,992 చూపింది. అయిదు కిలోలకు ఎనిమిది గ్రాములు తక్కువ. అంటే పిన్నమ్మ ప్రతి పావుకిలోకి అర గ్రాము దగ్గర ఎక్కువే పోస్తున్నది. ఆ ఎనిమిదిలో కొంత భూమి పుణ్యం కూడా కావచ్చు. ఈ కాటాలు కొలిచేది భూమి లాగే బలాన్ని. ఆ బలం ధ్రువాల వైపు ఎక్కువ, మన వైపు తక్కువ. ఢిల్లీలో సరిచేసిన కాటాను సరిచేయకుండా ప్రొద్దుటూరుకు తెస్తే కిలోకు గ్రాము దాకా తక్కువ చూపుతుంది.

అరవై అయిదు బిళ్ళలనూ చిన్న గుడ్డసంచిలో మూటగట్టుకుని ఇద్దరం ఆ అంగడికి పోయాం. ‘అన్నా, ఇది తూయి’ అంది పిన్నమ్మ. 480 వచ్చింది. నూటికి నాలుగు తక్కువ. ఇరవై ప్యాకెట్లకు రెండు వందల గ్రాములు ఎక్కడికి పోయాయో అక్కడే తేలింది. ముద్ర చూశాను, గడువు దాటి ఉంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించాలి. నన్ను ఇప్పటికీ వదలని విషయం ఇంకోటి. అలా తక్కువ చూపే కాటాతో సరుకు అమ్మితే నష్టం అంగడికే గదా? అమ్మరు. ఆ కాటా వెనక గదిలో ఉంటుంది, సరుకు కొనేటప్పుడు వాడతారు. ముందు బల్ల మీద అమ్మేదానికి ఇంకోటి. కావాలని చేశారా, పాతదై చెడిపోయిందా అని వాదించే ఓపిక నాకు లేదు. చెడిపోయిన కాటా వెనక గదిలోనే ఎందుకుంది అన్నదే నా ప్రశ్న.

ఇది కొత్తది కాదు. కూలి గింజలిచ్చే రోజుల్లో పెద్ద రైతుల ఇళ్ళలో కొలిచి తీసుకునే పడి వేరు, కొలిచి ఇచ్చే పడి వేరు అని మా జేజి చెప్పేది. తీసుకునేటప్పుడు రాశి పోసి, ఇచ్చేటప్పుడు అంచు గీసి కొలిచేవాళ్ళట. ఒక్క మా సీమలోనే కాదు, 1789లో ఫ్రాన్సు రైతులు రాజుకు రాసుకున్న ఫిర్యాదుల్లో ప్రభువుల కొలపాత్రల మోసం, దేశమంతా ఒకే కొలత ఉండాలన్న కోరిక మళ్ళీ మళ్ళీ కనబడతాయి. కిలో, మీటరు అందులోంచి పుట్టాయి. మన దేశం 1956లో చట్టం చేసి, 1960ల తొలి ఏళ్ళకల్లా శేర్లూ వీశెలూ తీసేసి కిలోలకు వచ్చింది. 2019 మే 20 నుంచి కిలోకు పారిస్ దగ్గర దాచిన లోహపు ముద్ద కూడా ఆధారం కాదు, ప్రకృతిలో మారని ఒక స్థిరాంకంతో దాన్ని నిర్వచించారు. కిలో ఇక ఏ దొర ఇంట్లోనూ లేదు. అయినా మా చేలల్లో కిలో ఇంకా దొర చెప్పినంతే.

చట్టం ఏమంటుందో చూడండి. స్త్రీ పురుషులకు సమాన వేతనమన్న చట్టం 1976లో వచ్చింది, తర్వాత 2019 వేతనాల కోడ్‌లో కలిసింది. తూనికలు కొలతల ప్రమాణాల చట్టం కూడా 1976లోనే వచ్చింది, దాని స్థానంలో 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మొదటి చట్టం మీద మనం ఎన్ని సదస్సులు పెట్టుకున్నాం! రెండోదాన్ని ఎవరం ముట్టుకోలేదు, అది కిరాణా అంగళ్ళ వ్యవహారం అనుకుని. అందులో ‘లావాదేవీ’ అన్న మాటకు నిర్వచనం చదివితే, సరుకు కొనడం అమ్మడంతో పాటు చేసిన పనినీ, రావాల్సిన కూలినీ లెక్కగట్టడం కూడా ఉంది. చేలో వేపకొమ్మకు వేలాడే కాటా చట్టం కిందికే వస్తుంది. దానికీ ముద్ర ఉండాలి. ఇంట్లో సొంతానికి తూచుకునే కాటాకు ఆ గొడవ లేదు గానీ, పిన్నమ్మ దాంతో తూచి అమ్ముతున్నది కాబట్టి ఆమెకూ ముద్ర కాటా కావాలి. ఆమె చేసింది ఒప్పేనని ఇంటి కాటాతో తేల్చినా, చట్టం ముందు నిలబడాలంటే అది చాలదు. ఆ ఖర్చు ఆమె పొడుల మీద పడుతుంది. ఇదీ నేను దాచను.

ఇక్కడ తులాభారం కథ ఎత్తక తప్పదు. సత్యభామ నగలన్నీ పోసినా కృష్ణుడు తూగలేదు, రుక్మిణి ఒక్క తులసిదళం వేస్తే తూగాడు. ఈ కథను మనకు చిన్నప్పటి నుంచీ భక్తి పేరుతో చెప్పారు. పద్యనాటకంగా ఊరూరా ఆడారు. అందులో సత్యభామగా పేరు మోసిన స్థానం నరసింహారావు మగవాడు, అది వేరే ముచ్చట. నా బాధ ఏమంటే, ఆ కథలో కాటాను ఎవరూ అనుమానించరు. బంగారమంతా ఒకవైపు పోసినా లేవని తక్కెడను చూసి, దాని ఆడి ఎటు మొగ్గిందో చూద్దామని ఒక్కరూ అనరు. రెండు పళ్ళేల్లో ఉన్నవాటిని అటూ ఇటూ మార్చి చూస్తే తక్కెడ మోసం బయటపడుతుందని ప్రతి చిల్లర వ్యాపారికీ తెలుసు. నిజమైన తక్కెడైతే మార్చినా సమంగానే ఉంటుంది. సత్యభామకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. తూకం అడిగిన ఆడది గర్విష్ఠి, తూకం అడగనిది పతివ్రత. కూలి దగ్గర ‘ఇంకోసారి తూయి’ అన్న ఆమెను ‘నోరెక్కువ’ అనే మేస్త్రీకి ఈ కథ తెలిసే ఉంటుంది.

జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో పత్తి ఏరే ఆడవాళ్ళతో నాకు కొన్నేళ్ళ పరిచయం. పిన్నమ్మ సంగతి చెబితే ‘మా కాటాకు బిళ్ళలు చాలవు గదక్కా’ అన్నారు. నిజమే, యాభై కిలోలు తూచే కొక్కెం కాటాకు అరకిలో బిళ్ళలు ఈగ వాలినట్టే. అప్పుడు ఇనుపరాయిని మళ్ళీ అడిగి తెచ్చాం. రాయి పెడితే ఇంటి కాటా 4,992 చూపుతుందని తెలుసు. రాయి తీసేసి, అదే అంకె వచ్చేదాకా సంచిలో పెన్నా ఇసుక పోశాం. కాటా తప్పు చూపినా ఇక్కడ ఇబ్బంది లేదు, రాయికీ ఇసుకకూ ఒకే తప్పు చూపుతుంది గనక ఇసుక కచ్చితంగా అయిదు కిలోలే. అలా నాలుగు సంచులు, ఒక మూట. చెరువుకాడ తూచినా చేలో తూచినా అది ఇరవై కిలోలు.

సాయంత్రం వరసలో పత్తి మూటల మధ్య దాన్నీ వేలాడదీశారు. పంతొమ్మిది చూపింది.

ఊహాలెక్క ఒకటి వేస్తాను. కిలోకు పది రూపాయల కూలి, మనిషికి రోజుకు నలభై కిలోలు అనుకుందాం. కాటా ముప్పై ఎనిమిదే చూపుతుంది. రోజుకు ఇరవై రూపాయలు. పదిహేను మంది గుంపుకు మూడు వందలు, నెల రోజుల ఏరుడుకు తొమ్మిది వేలు. ముల్లు కింది గీతకు రాయడం, గుడ్డ బరువు, మంచు తడి ఇందులో కలపలేదు.

నేను ఇలా అంటే ఒక స్నేహితురాలు, మంచి రచయిత్రి, ‘మార్కెట్ భాషలో పడిపోతున్నావు, గ్రాముల్లో కొలవలేనిది గదా మన శ్రమ’ అంది. పిల్లల్ని పెంచడాన్ని, ముసలివాళ్ళకు చేసిన సేవను గ్రాముల్లో కొలవలేం, నిజం. కానీ పత్తిని కొలుస్తున్నారు. ఇప్పటికే కొలుస్తున్నారు, మన సిద్ధాంతం కోసం ఆగకుండా. కొలతే వద్దన్న మాట కూలి మనిషి నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. ఆమె అడిగేది సరైన కొలత.

రైతు సంగతేమిటి అని ఇంకొందరు అడుగుతారు. అదీ న్యాయమైన ప్రశ్నే. పులివెందుల వైపు చీనీ తోటల వాళ్ళనడగండి, ‘సూటు’ అంటే ఏమిటో చెబుతారు. టన్నుకు ఇన్ని కిలోలని ముందే కోసేసి మిగతాదానికే లెక్క కడతారు. అరటిలోనూ తరుగులున్నాయి. పొలం భర్త పేరనో మామ పేరనో ఉండి, పనంతా తాను చేసే ఆడమనిషికి ఆ కోత చీటీలో కూడా కనబడదు, మగవాళ్ళు మార్కెట్ నుంచి తెచ్చిన డబ్బులోనే కలిసిపోతుంది. పైన పోయినదాన్ని రైతు కింద రాబట్టుకుంటాడు. కింద ఉన్నది చీరకొంగు మూట. రైతుకు జరిగే మోసం మీద కనీసం ఊరేగింపులూ వార్తలూ వస్తాయి.

పొదుపు సంఘాలకు మన రాష్ట్రంలో అప్పులిచ్చారు, పుస్తకాలు రాయడం నేర్పారు, సమావేశానికి గుండ్రంగా కూర్చోవడం కూడా నేర్పారు. ఒక్క సంఘానికైనా ముద్ర వేసిన ఇరవై కిలోల రాయి ఇచ్చారా? గ్రామానికి ఒక రాయి, రెండేళ్ళకోసారి దాని ముద్ర కొత్తది చేయించడం, అది సంఘం ఆడవాళ్ళ దగ్గరే ఉండటం, ఏ కాటా కిందికైనా దాన్ని తీసుకుపోయే హక్కు ఉండటం. అంతకంటే నేనేమీ అడగడం లేదు. అంగన్‌వాడీల్లో బిడ్డల్ని తూచే కాటాలు కూడా దాంతోనే చూడొచ్చు. రెండున్నర కిలోల గీతకు అటున్న బిడ్డా ఇటున్న బిడ్డా అన్నది వంద గ్రాముల తేడాతో మారిపోతుంది గదా.

ఇసుకమూట వేలాడదీసిన రోజు మేస్త్రీ గొడవ చేయలేదు. కాటా చెడిపోయినట్టుంది, మారుస్తాం అన్నాడు. మరుసటి వారం ఇంకో కాటా వచ్చింది, దాంట్లో పంతొమ్మిదిన్నర చూపింది. ఆ గుంపులో ఇద్దరిని తర్వాత పనికి పిలవలేదు. ఎందుకో చెప్పలేదు, వాళ్ళే మూట మోసింది. మిగతా పదముగ్గురూ ఆ ఇద్దరికీ చెరి ఇంత వేసి కూలి పంచారు, నాలుగు రోజులే చేయగలిగారు. ఇప్పుడు మళ్ళీ ఏరుడు మొదలవుతున్నది. ఇసుకమూట వాళ్ళ సంఘం పెద్దామె ఇంట్లో అటక మీద ఉంది. ఈసారి చేలోకి తీసుకుపోవాలా వద్దా అని పదిహేను మందీ ఇంకా వాదించుకుంటున్నారు. ‘మూట తెస్తే పని లేదు’ అని మేస్త్రీ ముందే కబురు పంపాడు.